ఇంట్లో పిల్లలెవరూ లేరుగా?

మా మరదలికి గంజి అని పేరు పెట్టింది నేను కాదు. ఆస్పత్రి లాండ్రీలో ఆమె చేరిన కొత్తల్లో బాయిలరు చూసుకునే బాబాయి పెట్టాడు. మనిషి నిటారుగా నిలబడుతుంది, అన్నమాట వెనక్కి తీసుకోదు, ఎవరెంత నలిపినా నలగదు. "ఈ పిల్లని పుట్టగానే గంజి పెట్టి ఆరేసినట్టున్నారు" అన్నాడాయన. అంతే, ఆ రోజు నుంచి అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. గంజీ అంటే పలికేది.

మా లాండ్రీ ఆస్పత్రి అడుగున నేలమాళిగలో ఉంటుంది. పై అంతస్తుల్లో మాసిన దుప్పట్లన్నీ ఒక పెద్ద గొట్టంలోంచి జారి వచ్చి బుట్టల్లో పడతాయి. ఎవరికో కాన్పు అయిందనీ, ఎవరికో ఆపరేషను జరిగిందనీ, ఎవరో ఇక లేవరనీ డాక్టర్లకంటే ముందు దుప్పట్లు మాకు చెప్పేస్తాయి. ఉతికినవి ఆవిర్లు కక్కే రోలరులోంచి చదునుగా అవతలికి వస్తాయి. అక్కడ ఇద్దరు నిలబడి మడతపెట్టాలి. నాది చిరుగులు కుట్టే మిషను. అక్కడున్న ఒకే ఒక్క కిటికీ కింద దాన్ని వేయించుకున్నాను. ఆ కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. అయినా కిటికీ కిటికీయే.

దుప్పటి మడతపెట్టడం చూస్తే మనిషి ఎలాంటిదో తెలిసిపోతుందని నా నమ్మకం. ఎదురెదురుగా నిలబడి చెరో చివర రెండు మూలలూ పట్టుకోవాలి. బిగువుగా లాగాలి కానీ ఎదుటివాళ్ళ వేళ్ళలోంచి జారిపోయేంతగా లాగకూడదు. కొందరు విసురుగా లాగుతారు. కొందరు చేతులు వేలాడేసి మొత్తం పని మీదే అన్నట్టు నిలబడతారు. గంజి అలా కాదు. ఎదుట ఉన్నది పొట్టిదైతే తన చేతులు దించేది, ముసలిదైతే తనే రెండడుగులు ముందుకొచ్చి మూలలు అందుకునేది. మిషను తొక్కుతూ కొన్నాళ్ళు చూశాను. ఒకరోజు ఇంటికెళ్ళి మా తమ్ముడితో "నీకు పెళ్ళిచూపులు అయిపోయాయి, నేనే చూసేశాను" అని చెప్పాను.

మా తమ్ముడు కిటికీలకి అద్దాలు బిగిస్తాడు. నోట్లో నువ్వుగింజ నానని వంశంలో నోరు విప్పని మనిషి వాడొక్కడే పుట్టాడు. మొదటి భార్య జబ్బు చేసి పోయేనాటికి వాళ్ళ పాపకి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. ఆ పిల్లని నేనూ వాడూ వంతులు వేసుకుని మోస్తున్నాం. పెళ్ళి అనగానే వాడు "పాప ఒప్పుకోవాలి కదక్కా" అన్నాడు. ఒప్పుకోవడం సంగతి తర్వాత, ముందు పాప కరిచింది. నోట్లో వేలు పెట్టినా కొరకలేని పిల్ల అంటారే, ఇది వేలు పెట్టకుండానే గంజి ముంజేయి పట్టుకుని పళ్ళు దించింది. గంజి ఆ గాటు వైపు చూసుకుని "పళ్ళు గట్టివే, పుచ్చు కూడా లేదు" అంది. తర్వాత సంచీలోంచి ఒక దిండు గలీబు తీసి "ఇటు చివర పట్టుకుంటావా, నాకు ఒక్కదానికి రావట్లేదు" అంది. పిల్ల అనుమానంగా చూస్తూనే పట్టుకుంది.

ఆ మనువు అలా కుదిరింది. ఆ తర్వాత సాయంత్రాలు బడి వదలగానే పాప లాండ్రీకి వచ్చేది. వచ్చి గంజి ఎదురుగా నిలబడి రెండో చివర పట్టుకునేది. "పిన్నీ" అని పిలిచేది. అమ్మా అనమని గంజి ఎప్పుడూ అడగలేదు. "వాళ్ళమ్మ ఒకావిడ ఉండేది కదా వదినా, ఆ పేరు ఆవిడదే. నా పేరు నాకు చాలు" అనేది. వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. జడ వేసేటప్పుడు ఒక పోట్లాట, పాలు తాగేటప్పుడు ఒక పోట్లాట, చెప్పులు ఎక్కడ విడవాలన్న దాని మీద యుద్ధం. ఇంటికి రాగానే మా తమ్ముడు ఎటూ మాట్లాడకుండా అద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు గంజి నా మిషను దగ్గరికొచ్చి, చుట్టుపక్కల ఎవరున్నారో కూడా చూసుకోకుండా, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

"వదినా, నాకు కడుపు రావట్లేదు. పరీక్షలు చేయించుకున్నాను. దానంతట అది రాదన్నారు. నాకు ఒక బిడ్డ కావాలి."

"ఉన్న పిల్ల చాలదేమే నీకు?" అన్నాను నేను. నా నోరు అంతే.

ఆమెకి కోపం రాలేదు. "ఇది ఉంది కాబట్టే కావాలనిపిస్తోంది. పెంచడం ఇంత బాగుంటుందని దీనివల్లేగా తెలిసింది" అంది.

సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. ప్రైవేటులో చేయించుకోవడం మా తాహతుకి మించిన మాట. ఆ సంగతి ఎవరూ ఎత్తను కూడా ఎత్తలేదు. సరిగ్గా అప్పుడే మా ఆస్పత్రి పై అంతస్తులో, పిల్లలు కలగనివాళ్ళకి ఉచితంగా వైద్యం చేసే విభాగం ఒకటి కొత్తగా తెరిచారు. గంజి మొహం చూడాలి ఆ రోజు. దుప్పట్లు మడతపెడుతూ కూనిరాగం తీసింది. ఆమెకి పాట రాదు, ఆ సంగతి అందరం భరించాం.

భరించనివాడు బాయిలరు బాబాయి ఒక్కడే. పాట గురించి కాదు, విభాగం గురించి. టీ తాగే వేళ అందుకున్నాడు.

"మా ఆవిడ మోకాలి ఆపరేషనుకి ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తోందో మీకు తెలుసు. మెట్లు ఎక్కలేదు, దిగలేదు. అడిగితే వరసలో ఉన్నారు ఆగండి అంటారు. ఇక్కడేమో పిల్లలు లేనివాళ్ళకి పిల్లలు. ప్రజల సొమ్ము జబ్బుకి పెట్టాలా, ముచ్చటకి పెట్టాలా? పిల్లలు లేకపోతే ఎవరైనా చస్తారా?"

గంజి టీ గ్లాసు కింద పెట్టింది. "మోకాలు నొప్పిగా ఉంటే మాత్రం ఎవరైనా చస్తారా బాబాయ్?"

ఆయన గతుక్కుమన్నాడు. "అది వేరమ్మాయ్. నడిచే కాలు ఆగిపోయింది. బాగుచేయమంటున్నాను."

"నాదీ అంతే. అందరికీ జరిగేది నాకు జరగట్లేదు. బాగుచేయమంటున్నాను. పిన్నిగారి మోకాలు నా వెనక ఉండాలని నేననట్లేదు. రెండూ చేయమంటున్నాను."

"రెండూ చేయడానికి ఉండాలిగా?"

"అది పైవాళ్ళని అడుగు. ఇద్దరం కింద కూర్చుని ఒకళ్ళ దుప్పటి ఒకళ్ళు లాక్కుంటే ఎలా?"

ఆయన ఒప్పుకోలేదు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆయన మాటలో న్యాయం లేదని నేననను. వాళ్ళావిడ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే జరుగుతూ దిగడం నేను చూశాను. కానీ మా గంజి ఆశని ముచ్చట అంటే మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాకు కోపం తొందరగా వస్తుందంటారు అందరూ. అబద్ధం. ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే బయటికి వచ్చి పోతుంటుంది.

మెలిక ఏమిటంటే, ఆ విభాగంలో చోటు తక్కువ, వచ్చేవాళ్ళు ఎక్కువ. అందుకని ఒక నిబంధన పెట్టారు. ఇంట్లో అప్పటికే బిడ్డ ఉన్నవాళ్ళకి చేయరు. భార్య తరఫున కానీ, భర్త తరఫున కానీ, ఎవరి బిడ్డ అయినా సరే. పైగా వయసు ఇంత దాటకూడదని ఇంకొకటి. గంజికి ఆ గడువు దగ్గర పడుతోంది. ఈ ఏడు కాకపోతే ఇక లేదు.

లాండ్రీ అంతా ఒకే సలహా. లేరని చెప్పెయ్. ఎవరూ ఇంటికొచ్చి మంచాల కింద వెతకరు. నేనూ అదే చెప్పాను. "నీ కడుపున పుట్టలేదు కదా, నాకు పిల్లలు లేరంటే అది అబద్ధమెలా అవుతుంది? అసలు చెప్పనక్కర్లేదు కూడా, అడిగినప్పుడు మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. మీ ఆయన దగ్గర నేర్చుకో" అన్నాను. మా తమ్ముడు నవ్వి "నువ్వెలా అంటే అలాగే" అన్నాడు గంజితో. ఆమె అవుననలేదు, కాదనలేదు. దిండు గలీబులు తిరగేస్తూ కూర్చుంది. పాప అక్కడే లెక్కలు చేసుకుంటోంది. అప్పటికి దానికి పదేళ్ళు. పెద్దవాళ్ళ మాటలు పిల్లలకి వినపడవని మనం ఎందుకు అనుకుంటామో నాకు ఇప్పటికీ తెలీదు.

డాక్టరుగారు పిలిచిన రోజు బడికి సెలవు. పాపని నా దగ్గర వదిలి వాళ్ళిద్దరూ పైకి వెళ్ళాలని ఏర్పాటు. నాకు కాలు నిలవలేదు. లోపల ఏమవుతుందో చూడకపోతే నాకు అన్నం సహించదు. పాపని వెంటబెట్టుకుని నేనూ పైకెళ్ళాను. దూరంగా వరండా చివరి బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ళని లోపలికి పిలిచారు. కంగారులో గంజి చేతిసంచీ ముందు బెంచీ మీదే మర్చిపోయింది. పరీక్షల కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. నేను అది చూసి లేచేలోపు పాప పరుగెత్తి సంచీ తీసుకుని తలుపు తోసేసింది. నేను వెనకాలే వెళ్ళి గుమ్మంలో ఆగిపోయాను.

డాక్టరుగారు నా వయసు ఆడమనిషి. అలిసిపోయిన మొహం, మంచి కళ్ళు. ఆవిడ అప్పుడే ఆ ప్రశ్న అడిగినట్టుంది. అడగడం కూడా అడిగినట్టు కాదు, అవతలివాళ్ళు తలూపితే చాలన్నట్టు.

"ఇంట్లో పిల్లలెవరూ లేరుగా?"

మా తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. గంజి పెదవులు బిగించుకుని గోడవైపు చూస్తోంది. నేను చెప్పినట్టే, మాట్లాడకుండా. ఇంకొక్క క్షణం ఆగితే డాక్టరుగారు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయేది. అప్పుడే పాపని చూసింది.

"ఈ పాప ఎవరమ్మా?"

పాప బడిలో పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని నిలబడింది. ముందే అనుకుని పెట్టుకున్నట్టుంది.

"నేను పక్కింటి అమ్మాయినండి. వీళ్ళకి పిల్లలు లేరు." గంజి వైపు తిరిగి సంచీ చాపింది. "మీరు సంచీ మర్చిపోయారు ఆంటీ."

ఆంటీ. ఇన్నేళ్ళలో ఆ మాట దాని నోటివెంట నేను వినలేదు. ఎంత తెలివైన పిల్ల అని ఒక పక్క, ఎంత పిచ్చి పిల్ల అని ఇంకో పక్క అనిపించింది. దాని మొహంలో ఆవగింజంత బాధ కూడా లేదు. పెద్ద పని చేసి పెట్టానన్న సంబరమే ఉంది. పిన్నికి బిడ్డ కావాలి, దానికి నేను అడ్డు, నేను లేకపోతే సరి. పదేళ్ళ లెక్క అది, తప్పు కూడా లేదు.

గంజి లేచి నిలబడింది. సంచీ అందుకుంది. ఆ చేత్తోనే పిల్ల భుజం పట్టుకుని తన పక్కకి లాక్కుంది.

"ఇది నా కూతురు డాక్టరుగారూ. అబద్ధం చెప్తోంది. మా ఇంట్లో ఇలా నేర్పలేదు."

డాక్టరుగారు కలం కింద పెట్టింది. ఆవిడ మంచి మనిషని అప్పుడు తెలిసింది. "అమ్మా, నేను ఇంకా ఏమీ రాయలేదు. మీరు బయటికెళ్ళి కాసేపు కూర్చుని, బాగా ఆలోచించుకుని, మళ్ళీ రండి. మళ్ళీ మొదటినుంచి అడుగుతాను" అంది.

"మళ్ళీ అడిగినా ఇదే చెప్తానండీ" అంది గంజి.

అప్పుడు మా తమ్ముడు నోరు విప్పాడు. "అవునండీ, మా అమ్మాయే" అన్నాడు. ఏడాదికి సరిపడా మాట్లాడేశాడు.

బస్సులో ఇంటికి వస్తూ నేను ఆమెని పెట్టిన తిట్లు రాయడానికి కాగితం చాలదు. చేతికందింది నోటిదాకా రాకుండా చేసుకున్నావు, హరిశ్చంద్రుడి చెల్లెలివా, మాట్లాడకుండా ఉండటానికి నీకు ఏం వచ్చిందే అని. ముందు సీట్లో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. పాప కిటికీకి మొహం ఆనించి ఏడుస్తోంది. "నేను బాగానే చెప్పానుగా. ఆవిడ నమ్మేసింది కూడా. నువ్వే చెడగొట్టావు పిన్నీ" అంది వెక్కుతూ.

ఇంటికొచ్చాక గంజి తీగ మీద ఆరిన దుప్పటి తీసుకొచ్చి, రెండో చివర పాప చేతిలో పెట్టింది. పిల్ల కోపంగా ఉంది. కావాలని విసురుగా లాగింది. దుప్పటి గంజి వేళ్ళలోంచి జారిపోయింది. గంజి వంగి తీసుకుని మళ్ళీ పట్టుకుంది. పిల్ల మళ్ళీ లాగింది. ఈసారి గంజి దుప్పటితో పాటు తనే ముందుకు వెళ్ళింది, వెళ్ళి పిల్లని ఆ దుప్పట్లోనే చుట్టేసి పట్టుకుంది.

నేను ఊరుకోలేక "ఎందుకే ఇలా చేశావు?" అన్నాను. ఈసారి తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

"అలా ఊరుకుని ఒక బిడ్డని తెచ్చుకున్నాననుకోండి వదినా. ఇంటికి తీసుకొచ్చాక, ఇదిగో మీ అక్క అని వాడికి దీన్ని ఎలా చూపించను? అక్క లేదని చెప్పేగా వాణ్ణి తెచ్చుకుంది?"

తర్వాత పాప మొహం పైకెత్తి "ఇంకోసారి నన్ను ఆంటీ అన్నావంటే ఆ గట్టి పళ్ళన్నీ రాలగొడతాను" అంది. అప్పుడు ఏడ్చింది. గంజి ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. గట్టిగా, ముక్కు చీదుకుంటూ, ఏ మర్యాదా లేకుండా ఏడ్చింది. బిడ్డ కావాలన్న కోరిక ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. అంత పెద్దదాన్ని ఒక్క మాటతో వదిలేసుకుంది. పిల్ల తన గౌను అంచుతో ఆమె మొహం తుడుస్తూ ఉండిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏ అవసరమూ లేని గిన్నెలు తోమాను.

మా గంజి సంగతి పైవాళ్ళకి రాశానని డాక్టరుగారు కబురు పంపింది. పైవాళ్ళ నుంచి ఏమీ రాలేదు. వయసు గడువు వచ్చింది, పోయింది. ఆ రోజు కూడా గంజి మామూలుగానే పనికి వచ్చింది. ఆ పై అంతస్తు దుప్పట్లు వచ్చినప్పుడు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తనే రోలరులో పెట్టి, తనే అంచులు సరిచూసి, ఏ చిన్న చిరుగు ఉన్నా నా మీద పడేసేది. "అక్కడ పడుకునేవాళ్ళు అసలే భయపడుతుంటారు, చిరిగినవి ఎలా పంపిస్తాం?" అనేది. నేను సణుక్కుంటూ కుట్టేదాన్ని.

మరుసటి ఏడు ఖర్చులు తగ్గించాలని ఆస్పత్రి కమిటీవాళ్ళు భోజనాల హాల్లో పనివాళ్ళందరినీ కూర్చోబెట్టారు. కొత్త విభాగం ఉంచాలా, మూసేసి ఆ డబ్బు మిగతా వాటికి మళ్ళించాలా, మీ మాట కూడా చెప్పండి అన్నారు. మమ్మల్ని అడగడం అదే మొదటిసారి కాబట్టి ముందు ఎవరూ నమ్మలేదు. ఎవరో మూసేయమన్నారు, ఎవరో వద్దన్నారు. బాయిలరు బాబాయి లేచాడు. వాళ్ళావిడ మోకాలి సంగతి ఇంకా తేలలేదు. మూసేయమంటాడనే అనుకున్నాం.

"నేను మొదటినుంచీ దీనికి వ్యతిరేకినే. జబ్బులు ముందు చూడాలనే ఇప్పటికీ అంటాను" అని ఆగాడు. "కానీ తెరిచారు కదా. తెరిచి, మా గంజిలాంటి మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపారు. ఇస్తే ఇవ్వండి, లేకపోతే మూసేయండి. ఇదేం పద్ధతి?" అని కోపంగా కూర్చున్నాడు. ఆయన ఏ పక్కో ఆయనకే తెలిసినట్టు లేదు. నాకు మాత్రం లేచి వెళ్ళి ఆ బట్టతల మీద ముద్దు పెట్టాలనిపించింది.

అందరూ గంజి వైపు తిరిగారు. నా పక్కన కూర్చున్న ఆమె లేచింది. నిటారుగా, ఎప్పటిలాగే.

"ఉంచండి" అంది. "నాకు వయసు దాటిపోయింది, ఇప్పుడు నాకేమీ రాదు. అయినా ఉంచండి. ప్రైవేటుకి వెళ్ళలేనివాళ్ళకి వేరే దారి లేదు. మా బాబాయి భార్య మోకాలు కూడా చేయండి, ఒకటి చేశామని రెండోది ఆపకండి. చోటు తక్కువైతే వరస పెట్టండి. మేం నిలబడతాం, నిలబడటం మాకు అలవాటే. కానీ లోపలికి రానివ్వడానికి, ఇంట్లో ఉన్న పిల్లని లేదని మాత్రం ఎవరిచేతా అనిపించకండి. మా పాప పదేళ్ళకే అనాల్సి వచ్చింది."

కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అలాంటి మాట కాదది. కమిటీ వరసలో చివరన కూర్చున్న డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ ప్రశ్న తీసేస్తారో, విభాగాన్నే తీసేస్తారో, ఇది రాస్తున్న నాటికి ఇంకా ఏమీ తేలలేదు. తేలినా మా గంజికి ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. మండుతుందని ఆమెతో అంటే నవ్వుతుంది.

మేం కిందికి దిగేసరికి బుట్టలు నిండి ఉన్నాయి. బడి వదిలినట్టుంది, కిటికీలో నాకు తెలిసిన కాళ్ళు కనిపించాయి, ఒక చెప్పు తెగి ఉంది. కాసేపటికి పాప లోపలికొచ్చి పుస్తకాలు నా మిషను మీద పడేసింది.

"మీటింగులో నువ్వు మాట్లాడావంటగా పిన్నీ? గేటు దగ్గర చెప్పారు. దేని గురించి?"

"నీ గురించే" అంది గంజి, రోలరులోంచి వస్తున్న దుప్పటి అంచు అందుకుంటూ.

"నా గురించి ఏం చెప్పావు?"

"ఉన్నావని చెప్పాను."

"అది అందరికీ తెలిసిందేగా" అని, పిల్ల అవతలికి వెళ్ళి దుప్పటి రెండో చివర పట్టుకుంది.